పోతురాజు విమానమెక్కాడు

బోనాల రోజున మా జహనుమా గల్లీలో నన్ను చూసి జడుసుకోని పిల్లగాడు లేడు. ఒళ్లంతా పసుపు, నుదుట అరచేతి వెడల్పు కుంకుమ, నడుముకు వేపమండలు, కాళ్లకు గజ్జెలు, చేతిలో పసుపు పట్టించిన తాడు కొరడా. మా తాత పోతురాజు, మా బాపు పోతురాజు, ఇప్పుడు నేను. మిగతా రోజుల్లో సర్కారు బస్సు నడుపుతాను. పాతబస్తీ సందుల్లో ఇరవై ఏళ్లకు పైగా బస్సు తిప్పినవాడికి భయమేంటని మీరు అనుకోవచ్చు. మా గల్లీ కూడా అలాగే అనుకునేది. విమానమంటే నాకు భయమని అప్పటికి ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి మా గల్లీ బయట కూడా తెలుస్తుంది. తెలియనీ. సముద్రం దాటి అమ్మవారిని ఊరేగించి వచ్చినవాడికి ఆమాత్రం ధీమా ఉంటుంది.

పిలుపు

అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి తాతల కాలంలో వెళ్లి స్థిరపడ్డవాళ్లు. ఊరికి ఈమధ్య శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ, నాకు తగిలినవాళ్ల నోట్లో ఇంకా పాత పేరే ఆడుతోంది. అక్కడ అప్పారావు గారని ఒక కాంట్రాక్టర్ మా ఊరేగింపు వీడియో ఫోన్లో చూశారట. శ్రావణంలో తమ అమ్మవారి పండక్కి పాతబస్తీ బోనం రావాల్సిందేనని పట్టుబట్టారు. నలుగురు డప్పులవాళ్లు, బోనం ఎత్తే మా అక్క యాదమ్మ, ముందు నడిచే నేను. ఖర్చులన్నీ వాళ్లవే.

నేనడిగిన మొదటి ప్రశ్న, "రైలు ఎక్కడెక్కాలె?"

డప్పుల నర్సింగ్ పడీపడీ నవ్వాడు. "అన్నా, నడిమిట్ల సముద్రముంది. పట్టాలెవడేస్తడు?"

ఓడ సంగతి అడిగాను. వానాకాలంలో ఓడ ఎప్పుడు కదులుతుందో, ఎప్పుడు చేరుతుందో నమ్మకం లేదన్నారు. నాకున్న సెలవు చూస్తే మూరెడు. ఇక మిగిలింది విమానమే.

విమానాలు నాకు కొత్తేం కాదు, రోజూ మా డాబా మీంచే దిగుతుంటాయి. చూడటం వేరు, ఎక్కటం వేరు. స్టీరింగ్ నా చేతిలో లేని బండి నాకు పడదు. పెళ్లిళ్లకు ఎవరి కారులోనైనా పోతుంటే ముందు సీట్లో కూర్చుని లేని బ్రేకును తొక్కుతూ ఉంటాను. దానికి తోడు ఆమధ్య టీవీలో ఒక విమానం కూలిన దృశ్యాన్ని రోజుల తరబడి తిప్పితిప్పి చూపించారు. అన్నం ముందు కూర్చున్నా అదే కనబడేది.

వేరే పోతురాజును చూసుకొమ్మని అక్కకు చెప్పాను. మా అక్క బేగంబజార్‌లో ఒక సేటు దుకాణంలో మిరపకాయలు ఏరుతుంది. అమ్మ పోయినప్పటి నుంచి నన్ను పెంచింది ఆమే. పోతురాజంటే అమ్మవారి తమ్ముడు. తమ్ముడు ముందు నడిచి దారి చేస్తేనే బోనం అడుగు కదులుతుంది, అది పద్ధతి.

అక్క మిరపకాయల ఘాటుకు ఎర్రబడ్డ కళ్లతో నన్ను ఒకసారి చూసింది. "నా బోనం ముంగట నా తమ్ముడుంటడు. లేకుంటే బోనమే లేదు. నువ్వు రానంటే చెప్పు, నేను సుత పోను. ఫికర్ లేదు."

ఫికర్ లేదన్నది గానీ, రాత్రి తన కోడలితో అంటుంటే విన్నాను: "సముద్రం గంట పొద్దు చూసినా చాలు, జనమ ధన్యమైతది." అరవై దాటిన మనిషి. హుస్సేన్‌సాగర్‌ కంటే పెద్ద నీళ్లు చూడలేదు. నేను ఎక్కకపోతే ఆమె చూడదు. అంతే, సరేనన్నాను.

బయల్దేరే రోజు పక్కింటి జహీరా బీ వచ్చి, రూపాయి బిళ్లను ఆకుపచ్చ గుడ్డలో చుట్టి నా కుడి జబ్బకు కట్టింది. దాన్ని ఇమామ్ జామిన్ అంటారు. క్షేమంగా చేరాక ఆ రూపాయి పేదవాళ్లకు ఇచ్చేయాలి. దూరం పోయేవాడికి ఈ గుడ్డ కట్టేటప్పుడు మా పాతబస్తీలో నువ్వెవరని అడగరు. "ఫికర్ నక్కో కరో బేటా," అంది బీ. కిందికి మాత్రం చూడొద్దని ఆఖరి మాట. "బస్, నీచే నక్కో దేఖో."

శంషాబాద్: కొరడా లొల్లి

ఎయిర్‌పోర్టు చూస్తే మతి పోయింది. నేల మీద అన్నం పెట్టుకుని తినొచ్చు. కానీ అక్కడ చాయ్ తాగే ముందు మాత్రం ఒకసారి ఆలోచించుకోండి. ఒక్క చాయ్ ధరకు మా గల్లీ హోటల్లో డప్పులవాళ్లందరికీ ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఇప్పించి, నేను ఇంకోటి తాగొచ్చు. పైగా అది చాయ్ కాదు, వేడినీళ్లలో ముంచిన ఒక చిన్న సంచి. అక్క ఒక గుక్క తాగి, "ఇది ఎవలికన్న జరమొస్తే ఇచ్చేటిదా?" అని అడిగింది.

కౌంటర్ దగ్గర ఒక చక్కని పిల్ల కూర్చుని ఉంది. నా జేబులో అమ్మవారి దగ్గర పెట్టి తెచ్చిన నిమ్మకాయలున్నాయి. కొత్త బండి గాని, దూరం పోయే బండి గాని నిమ్మకాయ తొక్కకుండా మా దగ్గర కదలదు. గొంతు తగ్గించి అడిగాను, "బిడ్డా, విమానం టైర్ల కింద నిమ్మకాయలు ఎవలు పెడ్తరు? మీరే పెడ్తరా, మేం తేవాల్నా?"

ఆ పిల్ల పెదవి కొరుక్కుని నవ్వు మింగింది. "అవన్నీ మా వాళ్లు చూసుకుంటారు సార్, మీరు టెన్షన్ పడకండి."

అబద్ధమని తెలుసు. అయినా ప్రాణం కాస్త కుదుటపడింది.

అసలు లొల్లి సెక్యూరిటీ దగ్గర. పోతురాజు కొరడాను మా ఇంట్లో సంచుల్లో కుక్కం, నేల మీద పెట్టం, పరాయి చేతికి ఇవ్వం. అందుకని నేను చేసిన తెలివైన పనేంటంటే, దాన్ని చొక్కా లోపల నడుముకు చుట్టుకున్నాను. అక్కడి జవాను తడిమి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. చొక్కా ఎత్తమన్నాడు. పచ్చగా, పాములా చుట్టుకుని కొరడా. లైన్లో ఉన్నవాళ్లంతా మెడలు సాచారు.

"యే క్యా హై?"

"మాతా కా కోడా హై సాబ్. ఛోడ్‌నా మనా హై."

అమ్మవారి కొరడాను వదలకూడదని చెప్పాను. జవాను మర్యాదస్తుడే. చేతులు కూడా జోడించాడు. కానీ కొరడా లోపలికి పోదని, మళ్లీ కౌంటర్‌కు పోయి లగేజీలో వేసి రమ్మని తేల్చేశాడు. నేను ససేమిరా అన్నాను. నిజం చెప్పొద్దూ, ఇంటికి తిరిగిపోవడానికి మంచి సాకు దొరికిందని లోపల ఒక మూల సంతోషం కూడా వేసింది. నా ముఖం చూసి అక్క కనిపెట్టేసింది.

"అరే మల్లేశా, అమ్మ ఘటం ఏడుంది?"

"లగేజీల."

"ఒక్కతే పోతుంది గదరా చీకట్ల. తమ్ముడనేటోడు తోడుండొద్దా? కొరడను దాని పక్కకు పంపు."

బోనమెత్తే ఇత్తడి ఘటానికి కాపలాగా కొరడా కౌంటర్ మీంచి లోపలికి వెళ్లిపోయింది. నాకు మాత్రం మొలతాడు తెగినట్టు అనిపించింది.

ఎక్కబోయే ముందు అద్దంలోంచి మా విమానం కనబడింది. తెల్ల చొక్కా, భుజాల మీద పట్టీలున్న ఒకాయన దాని చుట్టూ నడుస్తున్నాడు. చక్రాల దగ్గర వంగి చూశాడు, రెక్క కింద నిలబడి పైకి చూశాడు, ఇంజన్‌లోకి తొంగిచూశాడు, గుడి చుట్టూ తిరిగినట్టు ఒక ప్రదక్షిణ పూర్తి చేశాడు. నడిపేది ఆయనేనట. డిపోలో బస్సు తీసే ముందు నేను కూడా టైర్లు తట్టి, కిందికి వంగి చూడకుండా సీటెక్కను. మెకానిక్‌లు చూసి పంపినా సరే, నా కళ్లతో చూస్తేనే నాకు తృప్తి. వీడెవడో మనవాడే అనుకున్నాను.

పైన

అక్కకు కిటికీ, నాకు మధ్య సీటు. ఇటు పక్క పార్వతి గారని ఒక నర్సు. పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టి పెరిగిన మనిషి, అక్కడి ఆసుపత్రిలో ఎమర్జెన్సీ వార్డులో పనిచేస్తుంది. విమానం పరుగందుకోగానే నేను కళ్లు మూసుకుని సీటు చేతిని పట్టుకున్నాను. కాసేపటికి పక్కనుంచి మెల్లగా ఒక మాట వినబడింది.

"అన్నయ్యగారూ, సీటు చెయ్యి అటు ఉందండి. మీరు పట్టుకున్నాది నాదండి."

సిగ్గుతో చచ్చాను. కళ్లు తెరిస్తే మబ్బులు కిందున్నాయి. అక్క ముక్కు అద్దానికి ఆనించి చూస్తోంది. కాసేపు బాగానే గడిచింది. సముద్రం మీదికి వచ్చాక మొదలైంది అదరడం. బెల్టులు పెట్టుకోమని దీపం వెలిగింది. ఒక్కసారి జర్రున కిందికి జారినట్టయింది. వెనక నర్సింగ్ "అమ్మా తల్లీ" అన్నాడు. అక్క చటుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"పోతురాజువురా నువ్వు! గట్ల వణుకుతవేంది? నేనున్న గద."

పార్వతి గారు నన్ను మాటల్లో పెట్టింది. "మీరేం చేస్తుంటారు?"

"బస్సు డ్రైవర్నమ్మా."

"మీ బస్సులో జనాలు నిద్రపోతారా?"

"గుర్రు పెడ్తరు. స్టాపొచ్చినా లేవరు."

"మీ మొహం చూసి, ఈయన బాగా నడుపుతాడని తేల్చుకునే ఎక్కుతారేటి?"

"నా మొహం ఎవడు చూస్తడమ్మా? బస్సొస్తే ఎక్కుతరు."

"మరి ముందర ఇద్దరు కూర్చున్నారు. ఒకరు చేసింది ఇంకొకరు చూసుకుంటారు. కింద నుంచి ఇంకొకళ్లు దారి చెబుతుంటారు. మీరు మాత్రం వాళ్లని నమ్మరా?"

ఇన్నేళ్లుగా వేలమంది నా వెనక కళ్లు మూసుకుని కూర్చున్నారు. ఆ నమ్మకాన్ని నేను జీతంతో పాటు లెక్క లేకుండా తీసుకుంటూనే ఉన్నాను. ఒక్కసారి తిరిగి ఇవ్వాల్సి వస్తే ఇంత పీనాసితనమా అనిపించింది.

టీవీలో చూసిన ప్రమాదం సంగతి ఎత్తాను. ఆమె దాన్ని కొట్టిపారేయలేదు. "విమానాలు కూలవు అని నేననను. పడితే ఘోరమే. అందుకే లోకమంతా నెలల తరబడి చెప్పుకుంటాది, ఎందుకు పడిందో తేల్చి మిగతా విమానాలన్నింటినీ సరిచేస్తారు. నేను ఎమర్జెన్సీలో చేస్తున్నాను కదండీ. స్కూటర్ మీంచి పడినోళ్లు, జీపు తిరగబడినోళ్లు రాని రోజు లేదు. మర్నాడు పేపర్లో వాళ్ల పేరు కూడా ఉండదు."

ఆ మాట నేను ఒప్పుకోవాల్సిందే. శ్రీశైలం రోడ్డులో ఏ మలుపు దగ్గర ఎవరు పోయారో నాకు కంఠతా వచ్చు. అయినా మర్నాడు అదే మలుపులో హారన్ కొట్టుకుంటూ పోతాం, ఎవడూ వణకడు.

ఇంకో కుదుపు వచ్చింది. ఈసారి ధైర్యం చేసి అక్క భుజం మీంచి రెక్కను చూశాను. కొస పైకీ కిందికీ ఊగుతోంది. ముందు అది విరిగిపోతుందనుకున్నాను. తర్వాత నాలోని డ్రైవర్ మేలుకున్నాడు. బస్సు కింద కమాన్ పట్టీలు ఎందుకుంటాయి? గుంతలో పడ్డప్పుడు వంగడానికే. వంగని పట్టీ విరుగుతుంది. ఈ రెక్క వంగుతోందంటే దెబ్బ అది తీసుకుంటోందన్నమాట. ఇదంతా ఆకాశంలో గుంతలు. మా ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట మధ్య వానాకాలంలో ఉండే గుంతల ముందు ఇవెంత? పైగా ఇక్కడ రాంగ్ రూట్లో ఎదురొచ్చే ఆటో లేదు, అడ్డం పడే బర్రె లేదు, ఫోన్లో మాట్లాడుతూ రోడ్డు దాటే పెద్దమనిషి లేడు. ఇంత ఖాళీ రోడ్డు నా సర్వీసులో ఎన్నడూ చూడలేదు. నవ్వొచ్చింది. అక్క నా చెయ్యి మాత్రం వదల్లేదు.

రాయిగా ఉండే పోతురాజు

దిగగానే గాలికి ఒళ్లంతా జిగట. లగేజీ బెల్టు మీద ఘటం, దాని పక్కనే కొరడా తిరిగొస్తుంటే కళ్లకద్దుకుని తీసుకున్నాను. జబ్బ మీది రూపాయిని గుడి మెట్ల దగ్గర ఒక ముసలాయన చేతిలో పెట్టాను, దానికి నా వంతు కూడా కలిపి.

అప్పారావు గారు నన్ను ఎగాదిగా చూశారు. "మా కాడ పోతురాజంటే రాయండి బాబూ. అమ్మోరి ఎదర పాతీసుంటాది. కదల్డు, మెదల్డు. మీ కాడ మనిసేటి!"

"రాయైతే మస్తుండేదన్నా," అన్నాను. "విమానం ఎక్కే బాధ తప్పేది."

అక్కడ టమాటా, ఉల్లిగడ్డ ఓడలో రావాలి కాబట్టి ధర మండిపోతుంది, చేపలు మాత్రం దండిగా, చవగ్గా దొరుకుతాయి. వాళ్లింట్లో పెట్టిన చేపల పులుసులో కొబ్బరిపాలు పోశారు. కారం లేదని అక్క కొంగుముడిలోంచి బేగంబజార్ మిరప్పొడి తీసి చల్లుకుంది. అప్పారావు గారి భార్య రుచి చూసి, మంచినీళ్ల చెంబు ఖాళీ చేసి, మళ్లీ ఇంకాస్త అడిగింది.

సాయంత్రం ఊరేగింపు. మేం గజ్జె కట్టే సమయానికే వాన. అయినా జనం గొడుగులతో రోడ్డు పొడుగునా నిలబడ్డారు. డప్పు మీద దెబ్బ పడగానే నాకు ఇంక ఊరూ పేరూ గుర్తులేదు. కొరడా గాలిలో ఛెళ్లుమంది. మా గల్లీ పిల్లలైతే పారిపోతారు, ఇక్కడి పిల్లలు మాత్రం భయమంటే తెలియక నా వెంటే గంతులేశారు, నా పసుపు తీసి ముఖాలకు పూసుకున్నారు. వెనక్కి తిరిగి చూస్తే అక్క. నెత్తిన ఘటం, వేపకొమ్మలు, ఆ పైన ప్రమిద. అంత వానలో, ఎవరో పైన పట్టిన గొడుగు కింద ఆ దీపాన్ని ఆరనివ్వకుండా, చెయ్యి కూడా ఆసరా పెట్టకుండా నడుస్తోంది. ఒక ముసలమ్మ ఎదురొచ్చి ఆమె కాళ్ల మీద బిందెడు నీళ్లు పోసి, "మా యమ్మ చెప్పేదమ్మా, ఇలాగే వచ్చేదంట ఘటం" అని ఏడ్చింది. నా ఛాతీ ఎంత ఉబ్బిందంటే, వేపమండలు తెగుతాయేమో అనిపించింది. జహనుమా నుంచి ఇక్కడిదాకా దారి చేసింది నేను! మా బాపు చూసుంటే మీసం తిప్పేవాడు.

నీళ్ల దగ్గర అక్క

మర్నాడు పొద్దున అక్కను బీచ్‌కు తీసుకెళ్లాను. ఆమె చెప్పులు విడిచి, మోకాళ్ల దాకా నీళ్లలోకి నడిచి, దోసిలితో తీసి నోట్లో వేసుకుంది. "నిజంగనే ఉప్పురా," అంది చిన్నపిల్లలా. చాలాసేపటికి వచ్చి నా పక్కన ఇసుకలో కూర్చుంది. నేను నా ప్రతాపం మొదలుపెట్టాను, విమానమంటే ఇప్పుడు నాకు లెక్కే లేదని, రెక్క సంగతి, గుంతల సంగతి.

అక్క సముద్రం వైపే చూస్తూ అంది, "నాకైతే పానం పోయిందిరా."

"ఎప్పుడు?"

"ఎక్కినప్పటిసంది. అద్దానికి ముక్కు పెట్టి కండ్లు మూసుకున్న. నేను భయపడ్డనని తెలిస్తే నువ్వు దిగి ఉరుకుదువు గద. నీ చెయ్యి పట్టుకున్నంకనే జర నిమ్మళమైంది. నిన్ను గదమాయించుకుంట నా భయం మర్సిన." పిడికిట్లోకి ఇసుక తీసుకుని, "ఇప్పుడు నీకు భయం పాయె. పోయేటప్పుడు నేనెవల్ని గదమాయించాలె?" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

నేను పట్టుకుంటాలే అక్కా అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. బోనం ఎత్తిన మనిషి, డప్పులోళ్ల ముందర, అందరిలోకి పెద్దది, బెదిరి ఇంకొకరి చెయ్యి పట్టుకుని కూర్చుంటే ఏం మర్యాద? "నోరు ముయ్యి, ఎవలితోని అనకు," అంది.

తిరుగు ప్రయాణం

విమానంలో బెల్టు నేనే పెట్టుకున్నాను, ఆరితేరినవాడిలా. పైలట్ టైర్లు చూసుకోవడం కూడా చూసి వచ్చాను. ఒట్టేసి చెబుతున్నాను, నా గుండె డిపోలో ఆగిన బస్సులా నిమ్మళంగా ఉంది. పక్కన అక్క కొంగు బిగించి, రాయిలా కూర్చుంది. మెడ నరం ఒక్కటి ఎగురుతోంది. వెనక వరసలో డప్పులవాళ్లు.

విమానం పరుగందుకుంది. నేను గొంతెత్తి అరిచాను.

"అక్కా! నాకు భయమైతుందే! నా చెయ్యి పట్టు!"

చుట్టూ నవ్వులు. అక్క తిరిగి నా కళ్లలోకి చూసింది. ఊరందర్నీ భయపెట్టే ముఖాన్ని భయపడ్డట్టు పెట్టడం తేలిక కాదు, నా వల్లనైనంత పెట్టాను. ఆమెకు అర్థమైంది. వేళ్లు విరిగిపోయేలా నా చెయ్యి పట్టుకుంది.

"సిగ్గు లేదురా? గింత పెద్దోడివైనవ్! కొరడ పట్టంగనే అయిందా?" అని విమానమంతా వినబడేలా తిట్టింది. శంషాబాద్‌లో చక్రాలు నేలకు తగిలేదాకా తిడుతూనే ఉంది. ఆమె గొంతు ఒక్కసారి కూడా వణకలేదు.

ఈ సంగతి రాయొచ్చా అని మొన్న అక్కను అడిగాను. "రాసుకో," అంది మిరపకాయలు ఏరుతూ. "మన గల్లీల సదివేటోళ్లెవరున్నరు? అందరు ఫోన్లల్ల బొమ్మలు చూసుడే."

ఆ మాట నిజమే. నర్సింగ్ వెనక సీట్లోంచి ఫోన్ మా తలల మీదుగా చాచి తీసిన వీడియో ఇప్పుడు జహనుమాలో ప్రతి ఫోన్లో ఉంది. పోతురాజు కళ్లు మూసుకుని వణుకుతుంటాడు, పక్కన అక్క తిడుతుంటుంది. చాయ్ హోటల్లో, డిపోలో, నా బస్సు ఎక్కినవాళ్లు కూడా చూపించి మరీ నవ్వుతున్నారు. నేనూ వాళ్లతో కలిసి నవ్వుతాను. అందరూ నా ముఖమే చూస్తారు. అందులో అక్క చెయ్యి ఎలా వణుకుతోందో ఇప్పటిదాకా ఒక్కరూ చూడలేదు.